పాత వీడియో ఆటపెట్టె నేడు కొనదగినదా?



ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై పిల్లలకు సంధులు, సమాసములు చెప్పి, పదవీ విరమణము పొంది సింహాద్రిపురమున కాలము గడుపుచున్న నావంటివాడు ఆకాశవాణిలో వీడియో ఆటలను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోపవచ్చును. నాకును వింతగానే యున్నది. కాని యీ ప్రశ్న నేను వెదకికొని పోయినది కాదు, తానై నా యింటికి వచ్చినది.

గత దసరా పండుగకు మా యబ్బాయి బెంగళూరునుండి భార్యతోను, తొమ్మిదేండ్ల కూతురితోను వచ్చెను. భోజనములైన పిమ్మట వసారాలో కూర్చుండి, "నాయనా, చిన్నప్పుడు మన యింట నుండిన వీడియో గేమ్ నీకు జ్ఞాపకమున్నదా? అటువంటి పాతదొకటి కొనవలెనని యున్నది. ఈ కాలమున దానికి డబ్బు పెట్టుట తగునా, తగదా? నీవేమందువు?" అని యడిగెను.

వాని వయస్సు ముప్పదితొమ్మిది. సంపాదన వానిది, ఖర్చు వానిది. నన్ను అడుగవలసిన పని లేదు. అయినను ఏల యడిగెనో నాకు తెలియును. ఆ సంగతి దాచి తక్కిన విషయము మాత్రము చెప్పినయెడల మీతో కపటముగా మాట్లాడినవాడ నగుదును. కావున ముందు దానినే చెప్పెదను.

1997వ సంవత్సరపు వేసవిలో నా బావమరది ప్రొద్దుటూరునుండి యొక పెట్టె తెచ్చి పిల్లవాని కిచ్చెను. ఎఱ్ఱని యంచులుగల తెల్లని ప్లాస్టిక్ డబ్బా యది. దానికి రెండు తీగెలు, తీగెల కొనలయందు చేతిలో నిముడునట్టి రెండు మీటల పలకలు. పిల్లలు వానిని రిమోట్లనిరి. ఒక తుపాకి కూడ నుండెను. పెట్టె నడినెత్తినున్న సందులో పసుపుపచ్చని క్యాసెట్ గ్రుచ్చి టీవీకి తగిలించినంతనే, ఎఱ్ఱటోపీ పెట్టిన మీసములవాడొకడు తెరమీద పరుగెత్తును, గోతులు దాటును, పుట్టగొడుగు తిని పెద్దవాడగును. వాని పేరు మారియో. ఆ వేసవియంతయు మా వీథి పిల్లలు మా నడవలోనే యుండిరి. కరెంటు పోయినపుడు బయటికి వచ్చి గోలీలాడెడివారు. వచ్చినంతనే లోనికి పరుగెత్తెడివారు.

నాకది కంటగింపయ్యెను. బడిపంతులు కొడుకే యిట్లున్న ఊరివారికి నేనేమి చెప్పగలను అను అభిమానమొకటి. 2001వ సంవత్సరమున వాడు పదవ తరగతి చదువుచుండగా అర్ధసంవత్సర పరీక్షలో లెక్కలయందు మార్కులు తగ్గెను. మఱునాడు వాడు బడికి పోయిన వేళ, పాత సామానులు కొనువాడు తోపుడుబండితో మా వాకిట పోవుచుండగా, పెట్టెను, రిమోట్లను, తుపాకిని వానికిచ్చి మూడు కిలోల ఎఱ్ఱగడ్డలు పుచ్చుకొంటిని. సాయంకాలము పిల్లవాడు వచ్చి, ఖాళీగా నున్న గూటిని చూచి, ఏమియు ననలేదు. ఆ రాత్రి పులుసు ముట్టలేదు. అంతియే.

లెక్కలలో మార్కులు పెరిగినవా యని మీరడుగుదురు. పెరిగినవి. అది నా గొప్పయని చాలకాలము చెప్పుకొంటిని. ఇప్పుడు చెప్పుకొనను. ఏలయన, అటువంటి పెట్టెయే యింట నుంచుకొనిన పొరుగింటి పిల్లవానికి మావానికంటె నెక్కువ మార్కులే వచ్చెను. ఆ పెట్టె మాట ఇరువదినాలుగేండ్లు మా యిద్దరి నడుమ రాలేదు. అందుచేత వాని ప్రశ్నకు అప్పటికప్పుడు ఏదో యొకటి చెప్పి పంపుటకు మనసొప్పలేదు. మూడు వారముల గడువడిగి, తెలిసినవారి వలన విని, పుస్తకములు పత్రికలు చూచి విచారించితిని. మీ యిండ్లలోను ఆ యీడు కుమారులుందురు. నేడో రేపో మిమ్మును ఇదే యడుగుదురు. కావున నేను తెలిసికొన్నది మీకును చెప్పుచున్నాను.

టీవీకి తగిలించి యాడునట్టి పెట్టెలలో ఇండ్లకు మొట్టమొదట వచ్చినది 1972లో అమెరికాలో అమ్మకమునకు పెట్టిన ఆడిసీ. దానిని కల్పించినవాడు రాల్ఫ్ బేయర్. అందు తెరమీద వెలుగుచుక్కలు మాత్రమే కదలెడివి. రంగులు, బొమ్మలు కావలెనన్న పలుచని ప్లాస్టిక్ రేకులను టీవీ గాజుమీద అంటించుకొనవలసి యుండెను. మా యింటికి వచ్చినదాని వంశము వేఱు. జపానులోని క్యోటో నగరమున 1889లో పేకముక్కలు చేయుటకై నింటెండో యను సంస్థ వెలసినది. ఆ సంస్థవారే 1983వ సంవత్సరము జూలై 15వ తేదీన ఫామికామ్ అను పెట్టెను వెలువరించిరి. ధర 14,800 యెన్లు. దానిని రూపొందించిన యింజనీరు మసయుకి ఉయెమురా. అదియే వేషము మార్చుకొని 1985లో అమెరికాలో నెస్ అను పేర అమ్మకమునకు వచ్చినది. రెండును కలిసి లోకమున ఆరుకోట్లకు మించి అమ్ముడుపోయినవి.

మనవంటి ఊళ్లకు అసలు పెట్టెలు రాలేదు. 1990 దశాబ్దమున మన యంగళ్లలో లిటిల్ మాస్టర్, మీడియా మున్నగు పేర్లతో దొరకినవి దాని యనుకరణములు. వాని క్యాసెట్లమీద లక్షల యాటలని అచ్చువేసి యుండును. పెట్టి చూచిన పదియో యిరువదియో యుండును. సహస్రనామములు చదివినను దేవుడొక్కడే యైనట్లు, అవియే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చును.

ఒక సంగతి మాత్రము నన్ను ఆశ్చర్యపరచినది. 1985లో వచ్చిన ఆ మారియో ఆట మొత్తము నలుబది కిలోబైట్లు. మీ మనుమడు సెల్‌ఫోనుతో తీసిన మీ ఫోటో యొక్కటియే దానికి యేబది రెట్లకు మించి యుండును. ఆ కొంచెపు చోటులో ఎనిమిది లోకములు, లోకమునకు నాలుగేసి ఘట్టములు, పాట, మేఘములు, కోటలు అన్నియు నిమిడ్చిరి. మేఘపు బొమ్మనే రంగు మార్చి పొదగా వాడుకొనిరట. కందపద్యమున గణనియమములకు లోబడి కథయంతయు ఇమిడ్చిన కవి పడిన పాటు ఎఱిగిన నాకు, ఈ పని చేసినవారిమీద గౌరవము కలిగినది. ఆ పెట్టెను ఎఱ్ఱగడ్డల కిచ్చిననాడు ఇది నాకు తెలియదు.

ఇక కొనుట మాట. పాత ఆటపెట్టె యని నేడు అమ్మునవి ముఖ్యముగా మూడు తెఱగులు. అసలైన పాతవి మొదటి తెఱగు. వీనిని కొనుటయందే మోసపోవుట కెక్కువ యవకాశము. జపాను పెట్టెతో వచ్చు అడాప్టరు నూఱు వోల్టులకు చేసినది. మన గోడలోనున్నది 230 వోల్టులు. తెలియక గ్రుచ్చిన పొగ వచ్చును. జపాను క్యాసెట్టుకు అరువది పిన్నులు, అమెరికా క్యాసెట్టుకు డెబ్బదిరెండు. ఒకదానిలో మఱొకటి పట్టదు. మనయొద్ద నాడు దొరకిన పచ్చ క్యాసెట్లు అరువది పిన్నులవి. ఆట నడుమ ఆపినచోటు జ్ఞాపకముంచుకొను క్యాసెట్లలో చిన్న బిళ్లబ్యాటరీ యొకటి యుండును. పదునైదు, ఇరువదియేండ్లకు అది చచ్చును, దానితో ఆ జ్ఞాపకమును పోవును. క్యాసెట్ పనిచేయనపుడు పిల్లలు నోటితో ఊదెడివారు కదా, అది మంచిది కాదని చేసినవారే చెప్పిరి. నోటి తేమ తగిలి రాగి పిన్నులు చిలుమెక్కును. దూదికి స్పిరిట్ అద్ది తుడువవలయును. నింటెండోవారు ఈ పెట్టెను చేయుట 2003లోను, బాగుచేయుట 2007లోను మానివేసిరి. ఇప్పుడు చెడినయెడల దిక్కు మన ఊరి రేడియో మెకానిక్కే.

అన్నిటికంటె పెద్ద చిక్కు టీవీతో. బాతులను కాల్చు ఆట మీకు జ్ఞాపకముండవచ్చును. తుపాకి మీట నొక్కిన క్షణమున తెర యంతయు రెప్పపాటు నల్లబడి, బాతున్నచోట మాత్రము తెల్లని చదరము వెలుగును. తుపాకి గొట్టములోని కన్ను ఆ వెలుగును పట్టిన దెబ్బ తగిలినట్లు, లేనిచో తప్పినట్లు. వెనుక భాగము ఉబ్బిన పాత డబ్బా టీవీ తెరను గీయు వేగమునకు సరిగా లెక్కగట్టిన యేర్పాటది. నేటి పలుచని టీవీ బొమ్మను ఒకింత యాలస్యముగా చూపుటచే ఆ లెక్క తప్పును. ఎంత గుఱిగలవాడైనను బాతు పడదు. అనగా పెట్టె కొనుట చాలదు, దానితో కూడ పాత టీవీయు నుండవలెను.

రెండవ తెఱగు, చేసిన సంస్థలవారే క్రొత్తగా తీర్చి యిచ్చునవి. నింటెండోవారు 2016లో ముప్పది యాటలు లోననే యుంచి, అరచేతిలో పట్టునంత చిన్న పెట్టెను అమ్మిరి. అటారీవారు 2023లో తమ 1977వ సంవత్సరపు పెట్టెను మరల చేసిరి. పాత క్యాసెట్లు దానిలో ఆడును, తీగె క్రొత్త టీవీకి తగులును. ఇవి నమ్మదగినవి. కాని మన యూళ్లలో దొరకవు. తెప్పించుకొనిన వెల హెచ్చు.

మూడవ తెఱగు, చైనానుండి వచ్చు చేతిపెట్టెలు. మూడు నాలుగు వేల రూపాయలకు తెరతో సహా జేబులో పట్టునవి, వేలకొలది యాటలు చిన్న మెమరీ కార్డులో నింపి యిచ్చుదురు. మొదట నాకు ఇదియే చవుక బేరమని తోచెను. రెండు లోపములు కనబడినవి. ఆ కార్డులు తఱచు నాసిరకమువి, కొలది నెలలకే చెడును. రెండవది, ఆ యాటలలో పెక్కింటిని అమ్మువారికి హక్కు లేదు. మన 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమున కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతులలో చేరియున్నది! ఇది చదివి నేను ఒక్కడనే నవ్వుకొంటిని. నేను ఇంటనుండి వెళ్లగొట్టినవాడు చట్టప్రకారము సాహిత్యమునకు చెందినవాడన్నమాట. రచయిత పోయిన పిదప అరువదియేండ్లవఱకు హక్కు నిలుచును. మారియోను సృజించిన షిగెరు మియమోటో 1952లో పుట్టినవాడు, నేడును జీవించియున్నాడు.

అయితే యిక్కడ న్యాయము ఒకవైపే లేదు. అమెరికాలో ఆటల చరిత్రను కాపాడు సంస్థ యొకటి 2023లో లెక్క చూడగా, అక్కడ 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి ఎనుబదియేడు నేడు అంగట దొరకుట లేదని తేలినది. మన కడపలో బ్రౌన్ దొర తాళపత్రములను సేకరించి, పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయింపకున్న ఎన్ని కావ్యములు చెదలపాలై యుండెడివో! ప్రతి వ్రాయనిచో కృతి నశించును. వ్రాసి యమ్ముకొనినచో కర్తకు అన్యాయము. ఈ చిక్కును పండితులును విప్పలేదు, న్యాయవాదులును విప్పలేదు. నేను మాత్రము అబ్బాయితో, ఉచితముగా వేయి యాటలున్నవను ప్రలోభమున కొనవద్దంటిని.

కొన్ని దినములుంచి యెక్కువ ధరకు అమ్ముకొందమను ఆశ గలవారు కూడ నున్నారు. 2021 జూలైలో అమెరికాలో, విప్పని సీలుతోనున్న మారియో ఆట యొకటి వేలములో పదునైదున్నర లక్షల డాలర్లకు పైగా పలికినది. ఈ వార్త చూచి యటకలు వెదకువారు పెరిగిరి. ప్రొద్దుటూరు బంగారపు అంగళ్ల నెఱిగిన మనకు ఇది చెప్పనక్కఱలేదు. బంగారమునకు గీటురాయి యున్నది, త్రాసు ఉన్నది, ఏ యంగటికి పోయినను ఇంచుమించుగ నదే ధర. ఈ ప్లాస్టిక్ డబ్బాను ఏ రాతిమీద గీయుదుము? పైగా ఆ ధర పలికినది ఎవ్వరును ఆడనిదానికి. ఆడుటకు కొనువానికి ఆ వార్తతో పని లేదు.

మఱి, సెల్‌ఫోనులో ఆటలు కోకొల్లలుగా నుండగా ఇది యెందులకు? నాకు తోచిన సమాధానము ఇది. పాత క్యాసెట్ ఒకసారి కొనిన కొన్నదే. మరల డబ్బడుగదు, ప్రకటనలు చూపదు, నడిరేయి పిలువదు. మన పొరుగున అనంతపురము జిల్లా యెల్లనూరు మండలములోని బుక్కాపురము సత్య నాదెళ్ల గారి పితరుల యూరు. ఆయన నడుపుచున్న మైక్రోసాఫ్ట్ సంస్థ కూడ తన ఎక్స్‌బాక్స్ 360 ఆటల యంగడిని 2024 జూలైలో మూసివేసినది. నింటెండోవారు అటువంటి రెండంగళ్లను 2023 మార్చిలో మూసిరి. అంగడి మూతపడిన పిమ్మట అక్కడ క్రొత్తగా నొక్క ఆటయు కొనలేము. చేతిలోనున్న క్యాసెట్టుకు ఆ భయము లేదు, చిలుము పట్టకున్న చాలును.

మనువు తొమ్మిదవ అధ్యాయమున ప్రాణములేని వస్తువులతో పందెమొడ్డునది ద్యూతమనియు, ప్రాణులతో ఒడ్డునది సమాహ్వయమనియు వేఱుపఱచి, రెంటిని రాజు అణచవలెనని చెప్పెను. సెల్‌ఫోను రమ్మీ అచ్చముగా ద్యూతమే. మా పక్క పల్లెలో చీనీతోట మీద వచ్చిన కాపు డబ్బు మూడు రాత్రులలో ఫోనులో పోగొట్టుకొనిన యువకుని నేనెఱుగుదును. వాని తండ్రి నా శిష్యుడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను, కేంద్రము 2025 ఆగస్టులోను పందెపు ఆటలను నిషేధించుచు చట్టములు చేసినవి. పాత పెట్టెకు ఈ దోషము లేదు. అది పులిజూదము వంటిది. దేవాలయ మండపములలో బండలమీద చెక్కియున్న గీతలను మీరు చూచియుందురు. మూడు పులులు, పదునైదు మేకలు, ఎదుట నింకొక మనిషి. పేరులో జూదమున్నను పందెము లేదు. నేను ఒక్కొక్క మధ్యాహ్నము మా తండ్రిగారితో ఆడెడివాడను. ఆటకంటె, ఆయన ఎత్తు వేయకముందు గడ్డము గోకికొనుట నాకు జ్ఞాపకము.

ఇదంతయు ఉత్తరముగా వ్రాసి అబ్బాయికి పంపితిని. "కొనుము. అయితే రెండవ రిమోట్ పట్టుకొనువారు ఇంట లేనియెడల కొనకుము. పిల్లకు పెట్టె అప్పగించి నీవు ఫోను చూచుకొనునట్లయిన ఆ డబ్బు దండుగ. పాత టీవీ దొరకనిచో తుపాకి యాశ వదలుకొనుము" అని వ్రాసి, చివర, "ఎఱ్ఱగడ్డల విషయమున తప్పు నాది" అని వ్రాసితిని. ఆ యొక్క వాక్యము వ్రాయుటకు తక్కిన ఉత్తరమునకు పట్టినంత కాలము పట్టినది.

వాడు ఫోను చేసి ఆ వాక్యమును గూర్చి యేమియు ననలేదు. "నాయనా, పిన్నుల సంగతి మంచివేళ చెప్పితివి, అమెరికా పెట్టెకు పండ్రెండు వేలు ఇచ్చివేయబోతిని" అనెను. అప్పుడు మా యింటిది ఇనుప పెట్టె తెఱచి, పాత పలకల క్రిందినుండి పసుపుపచ్చని క్యాసెట్ ఒకటి తీసి నా ముందుంచినది. నేను పెట్టె నిచ్చిననాడు అది పొరుగింట నుండెనట. పిదప వారు తెచ్చియిచ్చిరట. నాతో చెప్పిన అదియు బండికెక్కునని దాచినదట. లెక్కించితిని, అరువది పిన్నులు.

ఆ క్యాసెట్టుకై పండ్రెండు వేల పెట్టె అక్కఱలేకపోయెను. ఆ పాత యనుకరణములు ఇప్పటికిని క్రొత్తగా చేయబడుచు, తుపాకితో సహా చవుకగా దొరకుచున్నవి. అబ్బాయి పదునైదువందలలో ఒకటి కొని మొన్నటి సంక్రాంతికి తెచ్చెను. 2004లో కొనిన డబ్బా టీవీని అటకమీదనుండి ఇద్దరము దింపితిమి. బరువునకు నా నడుము పట్టుకొనినది. ఎలుకలు తీగె కొఱికి యుండగా ఊరి మెకానిక్ వచ్చి అతికెను. క్యాసెట్ మొదట పలుకలేదు. అబ్బాయి అలవాటుగా ఊదబోగా నేను వారించి, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచితిని. నాలుగవమారు బొమ్మ వచ్చినది.

మొదటి వంతు మనుమరాలిది. రెండవ రిమోట్ నా చేతికిచ్చిరి. నాకు వచ్చినవాడు మారియో తమ్ముడు, లుయీజీ. వాడు మొదటి గోతిలోనే పడెను. రెండవ వంతునను పడెను. పిల్ల నవ్వి నవ్వి, "అబ్బా, పరుగెత్తి దూకల్ల, నిలబడి దూకితే పడతావు" అని నా బొటనవ్రేలిని మీటమీద పెట్టి చూపినది. వెనుక కుర్చీలో కూర్చున్న అబ్బాయి, "నాకు గూడ ఇట్లే మూడు దినాలు పట్టె నాయనా" అనెను.

పండుగ పిమ్మట వారు పోవుచు పెట్టెను మా యింటనే యుంచిరి. టీవీ నడవలో సగము చోటు ఆక్రమించుకొనినదని మా యింటిది గొణుగుచున్నది. ఆదివారము సాయంకాలములందు వీథి పిల్లలిద్దరు ముగ్గురు వచ్చుచున్నారు. ఒక గంట యాడనిచ్చి పంపివేయుచున్నాను. రెండవ రిమోట్‌లో దూకు మీట గట్టిగా నొక్కినగాని పనిచేయుట లేదు. ప్రొద్దుటూరిలో బాగుచేయువారెవరైన నున్నారేమో విచారించుచున్నాను.

సెలవు.